అక్క నిలబడిన చోటు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దీనికి శాస్త్రీయ దృక్పథం అని పేరు పెట్టుకుంటే గౌరవంగా ఉంటుంది గానీ, అసలు సంగతి వేరు. నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెబుతున్నాను. ఇంటర్ పిల్లల జవాబు పత్రాలు దిద్దీ దిద్దీ రాటుదేలినవాణ్ణి చచ్చినవాళ్ళు కొత్తగా ఏం భయపెడతారు?

పానగల్ గుడిలో లింగం మీద పొద్దంతా కదలకుండా నిలిచే నీడను చూసి జనం దండం పెడతారు. నేను ఏటా పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళి, వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఆ నీడ ఏ స్తంభాలది, ఎందుకు కదలదు అని సుద్దముక్కతో బండ మీద బొమ్మ గీసి చెబుతాను. అక్కడి పూజారికి నేనంటే పెద్దగా ఇష్టం లేదు.

కాబట్టి ఇది భయంతో రాస్తున్నది కాదు. కోపంతో రాస్తున్నది. మొదట్లో ఆ కోపం మా బావ ఒక్కడి మీదే ఉండేది. తర్వాత జాబితా పెరిగింది.

బావ పేరు పురుషోత్తం. మా అక్క అండాలు భర్త. వారమంతా ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు, ఆదివారం మాత్రం ఫొటోగ్రాఫర్. నల్లగొండలో ఇలాంటి వాళ్ళం కొందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున్నే బండ్లు తీసుకుని బయల్దేరడం, నకిరేకల్ మార్కెట్లో నిమ్మకాయల కుప్పలో, దేవరకొండ కోట గోడలో, కోయిల్‌సాగర్ నీళ్ళో, ఆలంపూర్ గుళ్ళో ఏదో ఒకటి కెమెరాలో పట్టుకురావడం, సాయంత్రానికి గ్రూపులో పెట్టడం. ఒకరి ఫొటోకు ఇంకొకరం చప్పట్ల బొమ్మ పెట్టుకుంటాం. కళకు మేం చేసే సేవ ఇంతే.

గ్రూపుకు బావే పెద్ద. ఆయనది ఒకటే సిద్ధాంతం. "ఫ్రేము శుభ్రంగ ఉండాలె." కరెంటు తీగ ఉండకూడదు, చిప్స్ కవరు ఉండకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా మనుషులు ఉండకూడదు. గుడి మెట్ల మీద ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళు లేచి వెళ్ళేదాకా కాచుకుంటాడు. వెళ్ళకపోతే ఇంటికొచ్చి కంప్యూటర్లో తుడిచేస్తాడు. "మనుషులను జూడాలంటే బస్టాండుకు పోవచ్చు గదా, గుడికెందుకు?" అనేవాడు. ఆ మాటకు నేను కూడా నవ్విన రోజులున్నాయి.

అక్క ప్రతి ట్రిప్పుకూ వచ్చేది. మిగతావాళ్ళ భార్యలు రారు, వాళ్ళకు తెలివి ఉంది. అక్క పులిహోర డబ్బా, నీళ్ళ సీసాలు మోసుకొచ్చేది. దాంతోపాటు ఆమెకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది.

ఫొటోగ్రాఫర్లు కాని వాళ్ళకు కాస్త చెప్పాలి. ఒక చోట ఫొటో తీసేముందు అక్కడ ఎవరినైనా నిలబెట్టి, వాళ్ళ ముఖం మీద ఫోకస్ పెట్టి, వెలుగు ఎలా పడుతోందో చూసుకోవడానికి ఒకటి నొక్కుతాం. అది సరిగ్గా వస్తే, ఆ మనిషిని పక్కకు పంపి అసలు ఫొటో తీస్తాం. అందరూ చేసే పనే. బావకు ఆ మనిషి అక్క.

"అండాలూ, జర గక్కడ నిలవడు. లైటు చూస్త."

అక్క వెళ్ళి మెట్టు మీదో బండ మీదో స్తంభం పక్కనో నిలబడేది. బావ నొక్కేవాడు. తెర మీదికి వంగి చూసుకునేవాడు. "ఆఁ, అయింది. పక్కకు జరుగు." అక్క జరిగేది. అప్పుడు అసలు ఫొటో. ఆ వెంటనే, అక్కడికక్కడే, అక్క ఉన్న ఫొటోను చెరిపేసేవాడు. కార్డులో కచరా ఉంచకూడదని ఆయన నియమం. ఈ విషయంలో ఆయన క్రమశిక్షణ గురించి గ్రూపులో మేమంతా మెచ్చుకునేవాళ్ళం.

ఒకసారి ఆలంపూర్‌లో ఎండకు రాయి కాలిపోతోంది. గుడి కాబట్టి చెప్పులు లేవు. అక్క ఒక కాలు మీద కాసేపు, ఇంకో కాలు మీద కాసేపు నిలబడి, పని అయ్యాక నా పక్కకొచ్చి నీడలో కూర్చుంది. అరికాళ్ళు రుద్దుకుంటూ, "తమ్మీ, మీ బావ నన్ను సిన్మా తీసినట్టు తీస్తడు. రిలీజు మాత్రం చెయ్యడు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పోయిన వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. నల్లగొండ దవాఖానలో తగ్గలేదు, హైదరాబాద్ తీసుకెళ్ళాం. అక్కడ పోయింది. దీని గురించి ఇంతకంటే ఎక్కువ రాయలేను.

అక్కకు ఒక్కతే కూతురు, హారిక. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఇంకో అమ్మాయితో కలిసి ఒక ఫ్లాటులో కిరాయికి ఉంటుంది. పదకొండో దినానికి దండ వేసి ముందు పెట్టడానికి అమ్మ ఫొటో కావాలని అడిగింది. అంత సులభమైన పని ఇంకోటి ఉండదనుకున్నాం. ఫొటోగ్రాఫర్ ఇల్లు అది.

బావ కంప్యూటర్ తెరిచాడు. ఏడాదికొక ఫోల్డరు, ఊరికొక ఫోల్డరు. హార్డ్ డిస్కులు ఒకదాని మీద ఒకటి. పానగల్ చెరువులో కొంగలు, ఎగురుతున్న కొంగలు, ఎగరాలా వద్దా అని ఆలోచిస్తున్న కొంగలు. పత్తి పూలు. నిమ్మకాయలు. కోట గోడలు. ఒక బల్లి కూడా ఉంది, చాలా బాగా వచ్చింది. అక్క మాత్రం ఎక్కడా లేదు.

పెళ్ళి ఆల్బం తీశాం. అందులో బాసింగం, పూలజడ, తలంబ్రాలు ఉన్నాయి. వాటి వెనకాల ఎక్కడో అక్క ఉందని నమ్మాలి. చుట్టాల ఫంక్షన్ల గ్రూపు ఫొటోల్లో నువ్వుగింజంత ముఖం. హారిక ఫోన్లో వీడియో కాల్ నుంచి తీసి పెట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. అక్క ఫోన్ పట్టుకునే పద్ధతికి వాటిలో నుదురు సగం, సీలింగ్ ఫ్యాన్ పూర్తిగా వచ్చాయి. నా ఫోన్లో వెతికాను. నా దగ్గరా లేదు. ఆ సంగతి మా ఆవిడ నలుగురిలో గుర్తుచేసింది. దానికొచ్చిన కోపం కూడా బావ మీదికే తోసేశాను.

చివరికి మిగిలింది ఆధార్ కార్డు. దాంట్లో ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మా గ్రూపులోనే ఖాజా అని ఒకతను ఉన్నాడు. టౌన్లో ఫొటో స్టూడియో. అక్కను అక్కా అనే పిలిచేవాడు, ఆమె పులిహోర ఎన్నోసార్లు తిన్నాడు. "అన్నా, ఫికర్ చెయ్యకు. ఆధార్ది తల దీసి బాడీకి పెడ్త" అన్నాడు. స్టూడియోల్లో ఇది మామూలే. ఫొటో లేకుండా పోయిన వాళ్ళ కోసం కంప్యూటర్లో మెడ నుంచి కింది భాగాలు సిద్ధంగా ఉంటాయి. మగవాళ్ళకు తెల్లచొక్కా, ముసలాయనకు కండువా, ఆడవాళ్ళకు పట్టుచీరలు. అక్క తలను ఆకుపచ్చ పట్టుచీర మీద పెట్టాడు. మెడలో బంగారు హారం, వెనకాల నీలి ఆకాశం. అక్క బతికుండగా ఆ చీర కట్టలేదు, ఆ హారం చూడను కూడా లేదు.

దినానికి వచ్చినవాళ్ళు ఆ ఫొటోకు దండం పెట్టి, "ఎంత కళగ ఉన్నదో" అన్నారు. హారిక మాత్రం దాని ముందు కూర్చోలేదు. నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మామా, గిది మా అమ్మ గాదు. మా అమ్మ తలకాయ పెట్టుకున్న ఇంకెవరో."

ఆ పిల్ల ఏడవలేదు. పళ్ళు బిగించి అంది. గుమ్మం అవతలే ఉన్న బావ ఆ మాట విని కూడా విననట్టు స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. నాకిక ఆగలేదు.

"నీ దగ్గర కొంగలకున్నన్ని ఫొటోలు మా అక్కకు లేవు బావా."

"రోజూ కండ్ల ముందల ఉండే మనిషి. ఫొటో ఎందుకనుకున్న."

"కొంగలు గూడ రోజూ చెర్ల ఉంటయి గదా. వాటికెందుకు తీసినవ్?"

విస్తళ్ళు వేస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎదురు చెప్పినా బాగుండేది. నా దగ్గర ఇంకా చాలా మాటలు మిగిలిపోయాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి.

కొన్నాళ్ళకు అదే కోపంతో మళ్ళీ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అప్పుడు ఒక సంగతి కంటపడింది. కెమెరా ప్రతి ఫొటోకు వరుసగా నంబరు ఇస్తుంది. బావ ఫోల్డర్లలో ఆ వరుస మధ్యమధ్యలో తెగుతోంది. ప్రతి మంచి ఫొటోకు ముందు ఒక నంబరు లేదు. ఆలంపూర్ మెట్లకు ముందు ఒకటి లేదు. కోయిల్‌సాగర్ నీళ్ళకు ముందు ఒకటి లేదు. ఆ లేని నంబర్లన్నీ మా అక్కే.

చెరిపేసిన ఫొటోలు కార్డు మీద నుంచి నిజంగా పోవని ఈ పని తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. వాటి మీద కొత్తవి ఎక్కనంత కాలం వెనక్కి తీయొచ్చు. దానికి సాఫ్ట్‌వేర్లున్నాయి. బావ సొరుగులో ఉన్న కార్డులన్నీ పట్టుకుని ఖాజా స్టూడియోకు వెళ్ళాను. మధ్యాహ్నం పూట, షట్టర్ బార్లా తెరిచి ఉంది, పక్కన జిరాక్స్ మిషన్ చప్పుడు చేస్తోంది. వాతావరణం భయపెట్టేలా ఏమీ లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చాలావరకు దొరకలేదు. కొన్ని దొరికాయి. ఖాజా మొదటిది తెరిచాడు. ఆలంపూర్ మెట్లు. నంబరు సరిగ్గా ఆ లేని నంబరే.

మెట్ల మీద ఎవరూ లేరు.

"అన్నా, అక్క ఏది?" అన్నాడు ఖాజా.

ఇంకోటి తెరిచాడు. కోయిల్‌సాగర్. ఎవరూ లేరు. దేవరకొండ. లేరు. ఖాజా మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

మొదట నాకు తట్టిన వివరణ, ఇవి అసలు ఫొటోలేనని. కానీ అసలు ఫొటోలు తర్వాతి నంబర్లతో ఫోల్డర్లో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అసలు ఫొటోలో గుడి మొత్తం స్పష్టంగా ఉంది. దొరికిన దాంట్లో గుడి మసకగా ఉంది, మధ్యలో ఒక్క మెట్టు మాత్రం రాతి గరుకుతో సహా స్పష్టంగా ఉంది. ఆ మెట్టు మీద నిలబడిన మనిషికి ఫోకస్ పెడితే ఎలా వస్తుందో అలా ఉంది, మనిషే లేదు.

కెమెరాతోపాటు కంపెనీ వాళ్ళిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాంట్లో తెరిస్తే కెమెరా ఎక్కడ ముఖాన్ని గుర్తుపట్టి ఫోకస్ పెట్టిందో అక్కడ చిన్న చతురస్రం గీసి చూపిస్తుంది. ఆలంపూర్ ఫొటోలో ఆ చతురస్రం మెట్టుకు పైన, గాలిలో ఉంది. అక్క ఎత్తులో. కోయిల్‌సాగర్‌లోనూ అంతే. దేవరకొండలో మాత్రం కాస్త కిందికి ఉంది. ఆ రోజు మోకాళ్ళ నొప్పి అని అక్క బండ మీద కూర్చుంది. నాకు గుర్తుంది.

రాతి మీద మరకను కూడా కెమెరా ఒక్కోసారి ముఖం అనుకుంటుంది. ఈ మాట ఖాజాకు చెప్పాను. అతను నా వైపు జాలిగా చూశాడు. ఒకచోటైతే మరక. అన్ని ఊళ్ళలో, సరిగ్గా అక్క ముఖం ఉండాల్సిన చోట మరక ఉందంటే, ఆ సిద్ధాంతం చెప్పిన పిల్లవాడికి నేనైతే సున్నా వేస్తాను.

బావకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, నన్ను చూసి, "నీ పరాచికాలు నా పెండ్లాం మీదనా?" అన్నాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నేను ఒకప్పుడు బావ తీసిన నిమ్మకాయల కుప్పల ఫొటోలో ఒక నిప్పుకోడిని అతికించి గ్రూపులో పెట్టాను. అది నకిరేకల్ ఎలా వచ్చిందని ఒకాయన సీరియస్‌గా అడిగాడు కూడా. కాబట్టి అనుమానం నా మీదికి రావడంలో తప్పు లేదు. అయినా ఆ మాట విన్నాక నా ఒళ్ళు మండిపోయింది.

"తుడిచే పని నీది బావా, నాది గాదు" అని లేచి వచ్చేశాను. కొన్ని వారాలు మాట్లాడుకోలేదు. ఈలోగా గ్రూపులో విషయం పాకింది. ఒకరు 'సూపర్ ఎడిటింగ్' అని చప్పట్ల బొమ్మ పెట్టారు. ఆ రోజే గ్రూపులోంచి బయటికొచ్చాను.

హారిక మాత్రం ఆ ఫొటోలన్నీ తెప్పించుకుని చూసింది. ఆలంపూర్ ఫొటోను ఖాజా దగ్గర పెద్దగా ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, హైదరాబాద్ ఫ్లాటులో హాలు గోడకు తగిలించింది. పట్టుచీర ఫొటోను తీసుకెళ్ళలేదు.

"అమ్మ ఆడ నిలవడ్డదని కెమెరా అయితే ఒప్పుకున్నది గదా మామా. ఇంకెవ్వరు ఒప్పుకోకున్నా" అంది. సగం నిజంగా, సగం తండ్రికి తగిలేలా.

హారికతో కలిసి ఉండే అమ్మాయి పేరు శ్రావ్య. రాజమండ్రి వైపు. ఈ ఫ్లాటులో చేరిందే అక్క పోయే కొద్దిరోజుల ముందు, అక్కను ఎప్పుడూ చూడలేదు. ఫొటో తగిలించినప్పుడు ఇంటికెళ్ళి ఉంది. తిరిగొచ్చి, సంచి కింద పెట్టి, గోడ వైపు చూసి అడిగిందట.

"హారికా, ఆంటీ ఎందుకే అంత కోపంగా చూస్తున్నారు?"

హారిక నాకు ఫోన్ చేసింది. ఆ పిల్ల గొంతు విన్నాక నేను బావ ఇంటికి వెళ్ళి, పాత మాటలేవీ ఎత్తకుండా, బండెక్కమన్నాను. ఇద్దరం దారి పొడుగునా ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. చౌటుప్పల్ దగ్గర చాయ్ తాగాం, అక్కడ కూడా మాట్లాడుకోలేదు.

శ్రావ్య మంచి పిల్ల, పాపం. ఇద్దరు మగవాళ్ళం వచ్చి గోడ ముందు నిలబెట్టి ప్రశ్నలడిగితే బెదిరిపోయింది. నేను జోకులు వేసేవాణ్ణి కాబట్టి ఎదుటివాళ్ళ జోకులు తొందరగా పసిగడతాను. ఆ పిల్ల ముఖంలో అలాంటిదేమీ లేదు. తనకు కనిపించేది మాకు కనిపించదంటే ముందు మేమే తనతో ఆటలాడుతున్నామనుకుంది.

"మెట్టు మీద నిలబడి ఉన్నారండీ. వంకాయ రంగు నేతచీర. కొంగు నడుముకు దోపుకున్నారు."

ఆ చీర బావకూ తెలుసు, నాకూ తెలుసు, హారికకూ తెలుసు. హారిక చెప్పి ఉండొచ్చు. అందుకే ఇంకా చెప్పమన్నాను.

"ఒక కాలు మడమ ఎత్తి పెట్టారండీ, నేల కాలుతున్నట్టు. కుడిచేతిలో నల్లటి బిళ్ళ ఏదో పట్టుకున్నారు. గుండ్రంగా, చిన్న మూతలా ఉంది."

హారిక నా వైపు చూసింది, అదేమిటన్నట్టు. నాకూ తెలియలేదు. బావ అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయాడు.

అది లెన్స్ మూత. బావ ఎక్కడికెళ్ళినా దాన్ని పారేసుకునేవాడట. అందుకని తీసేముందు అక్క చేతికిచ్చేవాడు. వాళ్ళిద్దరి మధ్య జరిగే పని, ఎవరికీ చెప్పుకునేంత విషయం కాదు. హారిక ఏనాడూ మాతో ట్రిప్పుకు రాలేదు. నేను వచ్చినా, ఆ సమయంలో నా కన్ను నా కెమెరాకే ఉండేది.

బావ అడిగాడు. "నా దిక్కే చూస్తున్నదా, బిడ్డా?"

"కెమెరా వైపేనండీ, అంకుల్."

"ఎండకు కండ్లు చిన్నగ చేసిందేమో. ఎండ బాగుండె ఆనాడు."

"ఎండకి కాదండీ. కోపమే."

"ఎన్నడు అనలేదు బిడ్డా. ఒక్కనాడన్న అనలే."

శ్రావ్య హారికను చూసింది. మళ్ళీ గోడ వైపు చూసి, మెల్లగా, "మొహంలో ఉందండీ, అంకుల్. బాగా కనిపిస్తోంది" అంది.

ఆ పిల్ల తిట్టాలని అనలేదు. కానీ దినం రోజు నేను దాచిపెట్టుకున్న మాటలన్నీ కలిపినా ఇంత గట్టిగా తగిలేవి కావు. బావ లేచి ఫొటో దగ్గరికి వెళ్ళాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. ఆ స్పష్టమైన మెట్టు మీద వేలు పెట్టి, "ఈడనా?" అన్నాడు. ఇంకొంచెం పైన అని ఆ అమ్మాయి చెబుతుంటే వేలు జరుపుతూ పోయాడు.

ఒక్కరి మాట మీద నిర్ధారణకు రాకూడదని నేనే పిల్లలకు చెబుతాను. అందుకని చిన్న ప్రింటు ఒకటి కాలేజీకి తీసుకెళ్ళాను. కొత్తగా చేరిన కెమిస్ట్రీ లెక్చరర్ ఖమ్మం ఆయన, మా ఇంట్లోవాళ్ళెవరూ ఆయనకు తెలియదు. ఏమీ చెప్పకుండా చేతికిచ్చాను. "ఎవరు సార్, మీ అక్కనా? ముక్కు అచ్చం మీదే. ఏంది, గింత సీరియస్‌గ ఉన్నరు?" అన్నాడు. పక్కనే ఉన్న లెక్కల సారు మా ఇంటికి వచ్చేవాడు, అక్కను ఎరిగినవాడు. ఆయన తీసుకుని చూసి, "మెట్లు మంచిగ వచ్చినయ్" అని తిరిగిచ్చాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను ప్రింటు జేబులో పెట్టుకుని క్లాసుకు పోయాను. ఆ రోజు ఏం పాఠం చెప్పానో గుర్తులేదు.

ఆ తర్వాత ఇంకొందరికి చూపించాను. లెక్క ఒకటే. అక్కను ఎరగని వాళ్ళకు అక్క కనిపిస్తుంది. ఎరిగిన మాకు మెట్లు కనిపిస్తాయి. మా ఆవిడకు కనిపించలేదు. ఖాజాకు కనిపించలేదు. ఆ మెట్లనే రోజూ చూస్తూ కూర్చున్నా నాకు కనిపించలేదు.

ఇంతవరకైతే, ఏదో ఒక న్యాయం ఉందని సర్దుకునేవాణ్ణి. బావకు కనిపించకపోవడం న్యాయమే. అన్ని ట్రిప్పులు వెంట తిరిగి ఒక్కసారి కూడా కెమెరా ఆమె వైపు తిప్పని నాకు కనిపించకపోవడమూ న్యాయమే. కానీ హారికకు కూడా కనిపించదు.

ఆ పిల్ల ఫొటో ముందు నిలబడి, శ్రావ్యను పక్కన పెట్టుకుని చెప్పించుకుంటుంది. బొట్టు ఎక్కడుంది. జుట్టు చెదిరిందా. చెవుల్లో ఏం పెట్టుకుంది. మెడ మీద పుట్టుమచ్చ కనిపిస్తోందా. శ్రావ్య ఓపిగ్గా అన్నీ చెబుతుంది. ఒకరోజు హారిక ఫోన్లో నన్నడిగింది.

"నేనేం జేసిన మామా? నాకెందుకు కనిపిస్తలేదు?"

ఫిజిక్స్‌లో దీనికి జవాబు లేదు. మామగా నా దగ్గరా లేదు. ఫోన్ పెట్టేశాక నాకొచ్చిన కోపం ఈసారి బావ మీద కాదు. అక్కా, నీ మొగుడి మీద కోపం ఉంటే ఆయన మీద చూపించు. నా మీద ఉంటే నా మీద చూపించు. కన్న బిడ్డ ఏం చేసింది? ఈ మాట ఆ ప్రింటు ముందు పెట్టుకుని గట్టిగానే అడిగాను. మా ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్ళిపోయింది. మెట్లు మెట్లలాగే ఉన్నాయి.

బావ ఇప్పుడు కెమెరా ముట్టుకోవడం లేదు. ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కి కూతురి దగ్గరికి పోయి, ఆ గోడకు ఎదురుగా కూర్చుని, సాయంత్రం తిరిగొస్తాడు. ఏమైనా కనిపించిందా అని నేను అడగను. నా కోపం తగ్గిందా అని ఆయన అడగడు. అలా సర్దుకుపోతున్నాం.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. దయ్యం అంటే లేని మనిషి కనిపించడం. ఇది ఉన్న మనిషి కనిపించకపోవడం. దీనికి ఏం పేరు పెట్టాలో, ఎవరిని అడగాలో నాకు తెలియదు.

శ్రావ్యకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోతోంది. హారిక ఇప్పుడు ఫ్లాటులోకి కొత్త అమ్మాయి కోసం వెతుకుతోంది. వచ్చినవాళ్ళను ఉద్యోగం ఎక్కడ, వంట వచ్చా, కిరాయి సగం ఇవ్వగలవా అని అడగదట. నల్లగొండ జిల్లా కాకుంటే చాలంటుంది. లోపలికి తీసుకెళ్ళి హాలు గోడ ముందు నిలబెట్టి, తను వెనక్కి జరిగి, ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ ఒక్కటే అడుగుతుందట.

"మా అమ్మకు కోపం జరంత తగ్గినట్టున్నదా?"